నిద్ర నేరం కాదట

మార్చి 4, మంగళవారం

బ్రేకు ఫెయిలయింది. అంతకు మించి ఏమీ లేదు.

ఇన్నేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నవాణ్ణి, నాకు తెలియదా? కాళ్ళు క్లచ్చుకి అందని వయసు నుంచి నా కూతురు అమ్మడు నా పక్క సీట్లో కూర్చుని పెరిగింది. గేరు మార్చే చప్పుడు విని అది ఎన్నో గేరో కళ్ళు మూసుకుని చెప్పేది. అలాంటి పిల్ల నడిపే కారు ఊరికే ఫుట్‌పాత్ ఎక్కదు.

ఇన్‌స్పెక్టరు మాత్రం, ఆసుపత్రి డ్యూటీ దిగి వస్తోంది కాబట్టి నిద్రపోయి ఉంటుందంటాడు. పొద్దున్నే, అంత ఎండలో, బజారు మధ్యలో ఎవరు నిద్రపోతారయ్యా అని అడిగాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. నాకు ఒళ్ళు మండింది. జాలి చూపులు చూడ్డానికి జీతమిస్తున్నారా వీడికి?

అమ్మడికి నుదుటి మీద చిన్న దెబ్బ. కళ్ళద్దాల షాపు ముందు కూర్చుని పేము కుర్చీలు అల్లే ఆయనకి మాత్రం ఎడమ కాలు నలిగిపోయింది. తన తెల్లకోటు చింపి కట్టు కట్టి రక్తం ఆపింది అమ్మడేనట. ఇది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మార్చి 5

మెకానిక్కు చూశాడు. బ్రేకులు శుభ్రంగా ఉన్నాయట. మెకానిక్కులందరికీ అన్నీ తెలిస్తే బళ్ళెందుకు చెడిపోతాయి?

మార్చి 6

ఆ చోటికి వెళ్ళి చూశాను. బ్రేకు వేసినట్టు రోడ్డు మీద టైరు గీత లేదు. దానికి వంద కారణాలుంటాయి.

మార్చి 8

లాయరు ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాడే. టెస్టు రెండుసార్లు తప్పాడు. ఇప్పటికీ మా సందులోంచి రివర్సులో బయటపడడానికి చెమటలు కక్కుతాడు. కోర్టులో మాత్రం గట్టివాడని పేరు.

కుర్చీలల్లే ఆయన సరిగ్గా ఎక్కడ కూర్చుని ఉన్నాడో తెలిస్తే మంచిదన్నాడు. కాళ్ళు రోడ్డు మీదికి చాపుకుని ఉంటే తప్పులో సగం ఆయనకే పోతుందట. నాకూ అదే అనిపించింది. ఫుట్‌పాత్ ఉన్నది నడవడానికి, దుకాణం పెట్టడానికి కాదు.

సాయంత్రం టేపు తీసుకుని వెళ్ళాను. ఆయన పీట అక్కడే ఉంది. సగం అల్లిన కుర్చీ ఒకటి గోడకు ఆనించి ఉంది, పేము చివరలు విడిపోయి వేలాడుతున్నాయి. కళ్ళద్దాల షాపాయన గడప మీద నిలబడి నన్నే చూస్తున్నాడు.  కొలిచి, కాగితం మీద రాసి లాయరుకి ఇచ్చాను.

మార్చి 9

అమ్మడు గదిలోంచి బయటికి రావడం లేదు. వచ్చిందంటే ఆసుపత్రికే. కుర్చీలల్లే ఆయన వార్డుకి వెళ్ళి, కట్టు చూసి వస్తోందట. వెళ్ళొద్దని లాయరు చెప్పినా గోడకు చెప్పినట్టే.

మార్చి 12

ఈ రోజు లాయరు అడిగాడు, బయల్దేరే ముందు అమ్మడు ఎవరితోనైనా మాట్లాడిందా అని. నాతోనే మాట్లాడింది అన్నాను. దాచాల్సిందేముంది?

ఫోన్ చేసింది. రెండు రాత్రులు, మధ్యలో పగలు, ఏకబిగిన డ్యూటీ చేసింది. "నిద్ర ముంచుకొస్తోంది నాన్నా, వచ్చి తీసుకెళ్తావా" అంది. అప్పుడు నేను క్లాసులో ఉన్నాను. బేకరీ ఆవిడ రివర్సు నేర్చుకుంటోంది, ఆ వారమే టెస్టు. అద్దాలు దించుకో, మొహాన నీళ్ళు కొట్టుకో, పాటలు పెద్దగా పెట్టుకో, కాస్త దూరమేగా, వచ్చెయ్యి అన్నాను. నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పే మాటే. లారీలు నడిపేవాళ్ళకీ చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు.

లాయరు కలం కింద పెట్టేశాడు.

"మాస్టారూ, నిద్ర నేరం కాదు. నిద్రలో ఏం చేశావని కోర్టు అడగదు. నిద్ర వస్తోందని తెలిసీ బండి ఎందుకు తీశావని అడుగుతుంది. తెలియదనుకోండి, ఏదో విధంగా బయటపడతాం. ఆ ఫోన్ ఉందంటే తెలుసనే కదా అర్థం?"

ఆ మాట ఇంకెవరి దగ్గరా ఎత్తొద్దన్నాడు. ఎత్తను. కానీ అందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు.

మార్చి 13

తప్పేం లేదు. నేను చెప్పింది మేలుకుని ఉండమని.

మార్చి 15

ఇంటావిడ వారం రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. ఈ మధ్యాహ్నం వడ్డిస్తూ ఒకే మాట అంది.

"అది మిమ్మల్ని రమ్మని అడిగిందండీ."

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆకలిగానే ఉంది, అయినా లేచాను. పని వదిలేసి ప్రతి ఫోన్‌కీ పరిగెత్తితే స్కూలు నడుస్తుందా? ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఇంకా ట్రైనింగులో ఉన్నా రోగులంతా డాక్టరమ్మా అని పిలుస్తున్న పిల్ల, దాన్ని బడి పిల్లలా చెయ్యి పట్టుకుని తీసుకురావాలా?

మార్చి 21

స్కూలు బోర్డు మీద ఎవరో సుద్దముక్కతో రాశారు: 'ఇచట నిద్రపోతూ నడుపుట నేర్పబడును.' బేకరీ ఆవిడ తడిగుడ్డ తెచ్చింది. వద్దన్నాను. నేను తుడవను. రాసినవాడే వచ్చి తుడవాలి. బోర్డూ దించను.

ఇద్దరు మానేశారు. పోనీ. వాళ్ళకి ఎలాగూ క్లచ్చు మీద కాలు నిలవదు.

ఏప్రిల్ 2

ఆయన కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అమ్మడు చెప్పింది. చెప్పి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

అమ్మడు నిద్రపోయానని కోర్టులో చెప్పేస్తానంటోంది.

వంటింట్లో ముగ్గురం ఉన్నాం. ఇంటావిడ కూరగాయలు తరుగుతోంది. నేను ముందు నెమ్మదిగానే చెప్పాను. ఇన్నేళ్ళ చదువు, డాక్టరు పట్టా, అన్నీ గంగలో కలిసిపోతాయన్నాను. లాయరు దారి చూపిస్తున్నప్పుడు కావాలని గోతిలో దూకడమేమిటన్నాను. అది వినేసి ఇలా అంది:

"కళ్ళద్దాల షాపు దాకా రాకముందే, మలుపు దగ్గర ఒకసారి తల వాలింది నాన్నా. ఉలిక్కిపడి లేచాను. పక్కన ఆపడానికి చోటుంది. ఇంటికి దగ్గరికొచ్చేశాను కదా అనుకున్నాను. రెండోసారి కళ్ళు తెరిచేసరికి ఆయన బండి కింద ఉన్నారు."

నేను చెప్పబట్టే కదా నువ్వు బయల్దేరావు, నా మాట వినే కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. దాని మీద భారం తగ్గించడానికే అని ఉంటాను.

"కాదు. నువ్వు బండిలో లేవు. నేనున్నాను."

"నేను చెప్పకపోతే తీసేదానివా?"

"తీసేదాన్నే నాన్నా. మంచం గుర్తొచ్చింది. అంతే."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఏ మంచి చేసినా నాన్న నేర్పాడని పదిమందికీ చెప్పుకునే పిల్ల, ఇందులో మాత్రం నన్ను గడప బయటే నిలబెట్టేసింది. తరుగుతున్న కత్తి ఆపి ఇంటావిడ మా ఇద్దర్నీ చూసింది. ఒక్కోసారి ఈ ఇంట్లో నేనే చిన్నపిల్లాణ్ణి అనిపిస్తుంది.

ఏప్రిల్ 7

మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 8

మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 15

ఆసుపత్రికి వెళ్ళాను. సూపరింటెండెంటుని కలవాలంటే చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. పిల్లని అన్ని గంటలు నిలబెట్టి పంపింది మీరే కదా, ఆ మాట కాగితం మీద రాసివ్వండి అన్నాను. ఆయన చాలా మర్యాదస్థుడు. మర్యాదగానే చేతులు దులుపుకున్నాడు. డ్యూటీ గేటు దగ్గరితో అయిపోతుందట. గేటు దాటాక ఎవరి బండికి వారే బాధ్యులట. అంత అలసిపోతే పడుకోవడానికి విశ్రాంతి గది ఉందట, ఆ అమ్మాయి వాడుకోలేదట.

ఆ గది ఎక్కడో అడిగి వెళ్ళి తలుపు తోశాను. సగం వరకే తెరుచుకుంది. లోపల సెలైను పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక మంచం ఉంది, నిలబెట్టి గోడకు తాడుతో కట్టేశారు. నిలబడి నిద్రపోవాలేమో.

తిరిగొచ్చి ఆ సంగతి అమ్మడికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆ గదిలో ఏముందో మా అందరికీ తెలుసు, నర్సుల గదిలో నేల మీదైనా పడుకోవచ్చు, పడుకోలేదు అంది. 

ఏప్రిల్ 16

వెళ్ళినవాణ్ణి వార్డు వైపు కూడా వెళ్ళానని నిన్న రాయలేదు.

కుర్చీలల్లే ఆయన మంచం కిటికీ పక్కన ఉంది. నాకంటే చిన్నవాడు. చేతులు ఊరికే ఉండలేవనుకుంటాను, దుప్పటి అంచు దారాలు లాగి జడలా అల్లుతున్నాడు. నేనెవరో చెప్పేలోపే ఆయన భార్య గుర్తుపట్టింది. స్టూలు జరిపి కూర్చోమంది. ఆవిడ గొంతు పెంచలేదు.

మీ లాయరు కాగితం పంపాడు, మా ఆయన రోడ్డు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడని రాసి ఉంది, మీరే టేపు పెట్టి కొలిచారని కళ్ళద్దాల షాపాయన చెప్పాడు, నిజమేనా అంది. నేను నిజమేనన్నాను.

అప్పుడు ఆయన తలెత్తాడు.

"కాలు పోయింది. సరే. పోవడానికి కారణం కూడా నేనేనని నాతోనే ఒప్పిస్తారా?"

లేచి వచ్చేశాను. వచ్చాక కూడా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పీట గోడకు ఆనుకుని ఉంది. ఆయన కాళ్ళు ఎంత చాపినా ఫుట్‌పాత్ అంచు దాటవు. ఆ రోజు టేపు పట్టుకున్నది నేనే. టేపుని వంకరగా పట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఏప్రిల్ 17

లాయరు ఆఫీసుకి వెళ్ళి నేనిచ్చిన కొలతలు తప్పని చెప్పాను. వెనక్కి తీసుకోమన్నాను. కేసు బలహీనపడుతుందన్నాడు. పడనీ అన్నాను. తలకాయ పట్టుకున్నాడు.

ఇంకోటి కూడా చెప్పాను. సాక్షిగా నన్ను పిలవమన్నాను. ఆ ఫోన్ మాట నేను చెబుతాను. రమ్మంటే రానివాణ్ణి, ఆపమనాల్సిన చోట నడిపెయ్యమన్నవాణ్ణి, నా పేరు కూడా అందులో ఉండాలి.

"మాస్టారూ, మీరు అమ్మాయిని కాపాడాలనుకుంటున్నారా, ముంచాలనుకుంటున్నారా?"

రెండూ కాదన్నాను. అది తప్పు ఒప్పుకుంటోంది, నాది నేను ఒప్పుకుంటాను, దానిది అది తగ్గించుకోదు, నాది నేను దాచుకోను అన్నాను. తండ్రిని సాక్షిగా పిలిచే ప్రశ్నే లేదని తేల్చేశాడు. రివర్సు రానివాడికి ఇంత మొండితనమా!

ఏప్రిల్ 29

పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఇన్‌స్పెక్టరుకీ చెప్పాను. రాసుకోమన్నాను. ఏ సెక్షన్ కింద రాయమంటారు అని అడిగాడు. సెక్షన్ లేకుండా రాయండి అన్నాను. టీ తెప్పించాడు. రాయలేదు.

మే 20

బేకరీ ఆవిడ టెస్టు పాసయింది. ఆ వారం వెళ్ళలేకపోయి, ఇప్పుడు వెళ్ళింది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠంగా కీ ఎలా తిప్పాలో చెప్పడం మానేశాను. రాత్రి ఎంతసేపు పడుకున్నావని అడుగుతున్నాను. ఒకడు నవ్వాడు. వాణ్ణి దింపేశాను. ఇంటావిడ విని, ఇలా అయితే స్కూల్లో మీరొక్కరే మిగులుతారంది. చాలా రోజుల తర్వాత నాతో వేళాకోళం ఆడింది.

జూన్ 16, సోమవారం

కోర్టు.

గదిలో ఫ్యాను తిరుగుతున్నా గాలి కిందికి రాదు. కుర్చీలల్లే ఆయన ముందు వరసలో, చంకకర్రలు బల్లకి ఆనించి కూర్చున్నాడు. పక్కన భార్య. అమ్మడు నిలబడి, వార్డులో రోగి సంగతి పెద్ద డాక్టరుకి చెప్పినట్టు, వరసగా చెప్పింది. నిద్ర వస్తోందని నాకు తెలుసు, ఒకసారి తల వాలింది, అయినా ఆపలేదు, ఆయన తన చోట తాను కూర్చున్నారు, ఆయన తప్పు ఏమీ లేదు. లాయరు నేల చూపులు చూశాడు.

నిద్ర వస్తోందని ఎవరికైనా చెప్పావా అని అవతలి వకీలు అడిగాడు.  ఎవరికి చెప్పినా నడిపింది నేనే అంది అమ్మడు.

నేను లేచి నిలబడ్డాను. ఇంటావిడ నా చొక్కా పట్టుకుని లాగలేదు, నేను లాగుతుందనుకున్నాను.

"అయ్యా, నాకు చెప్పింది. నేను తండ్రిని. తీసుకెళ్ళమంటే వెళ్ళలేదు. నడుపుకుని రమ్మన్నాను."

మేజిస్ట్రేటు కళ్ళజోడు సవరించుకుని చూసింది. కోప్పడలేదు.

"మీరు బండిలో ఉన్నారా?"

"లేను."

"అయితే కూర్చోండి."

నేను కూర్చోలేదు. చెప్పింది రాసుకోమన్నాను. బంట్రోతు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటికీ కూర్చోలేదు. అమ్మడు వెనక్కి తిరిగి, "నాన్నా, కూర్చో" అంది. కూర్చున్నాను.

జూన్ 17

నిన్న ఇంటికొచ్చే దారిలో అమ్మడు నా చెయ్యి పట్టుకుని నడిచింది. 

జూలై 9

తీర్పు. నేరం చేసిందని తేలింది. మూడు నెలల జైలు, కానీ మళ్ళీ అలాంటి తప్పు చేస్తేనే అమలు చేస్తారట. లైసెన్సు రద్దు. నష్టపరిహారం బీమా వాళ్ళు ఇవ్వాలి, వాళ్ళు మొరాయిస్తే మేము ఇవ్వాలి. ఇస్తాం. డాక్టరు పట్టా సంగతి వేరే విచారణలో తేలుస్తారట. అది తేలేదాకా ఆసుపత్రిలో పని చేసుకోవచ్చట.

చివర్లో మేజిస్ట్రేటు ఒక మాట చదివింది. అలసట మనిషికి వస్తుంది, అలసటతో బండి తీయాలా వద్దా అన్నది మాత్రం మనిషి తీసుకునే నిర్ణయం, చట్టం స్టీరింగు పట్టుకున్న చేతుల్నే అడుగుతుంది అని. సరే, అడగనీ. మిగతావాళ్ళని అడిగేవాళ్ళు ఎవరో మాత్రం అందులో లేదు. పెట్టెలు పేర్చినవాణ్ణి ఎవరడగాలి? నన్నెవరడగాలి?

బయట వరండాలో కుర్చీలల్లే ఆయన ఆగి నా కోసం చూశాడు. నేనే దగ్గరికి వెళ్ళాను. ఆయనే మొదలుపెట్టాడు.

"అమ్మాయి ఆ మాట చెప్పకపోతే నేను జీవితాంతం రోడ్డుకి అడ్డంగా కూర్చున్నవాణ్ణే అయ్యేవాణ్ణి. అది తీసేసింది. అంతవరకు మంచిది." చంకకర్ర సర్దుకుని అన్నాడు. "క్షమించమని మాత్రం అడక్కండి. అది ఇంకా రాలేదు. వస్తే చెప్తాను."

అడగనన్నాను. అడగలేదు కూడా. మెట్ల దగ్గర చంకకర్రకి తోడుగా చెయ్యి ఇవ్వబోతే ఆయన భార్య అడ్డం వచ్చి తనే పట్టుకుంది. అదీ న్యాయమే.

జూలై 21

ఆసుపత్రిలో అమ్మడి డ్యూటీలు అలాగే ఉన్నాయి. ఏమీ మారలేదు. మారిందల్లా ఒకటే, ఇప్పుడది బస్సులో వస్తోంది. నిన్న బస్సులో నిద్రపోయి చివరి స్టాపు దాకా వెళ్ళిపోయింది. వెనక్కి నడిచి వచ్చింది.

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు జరిగింది అంతా రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరేమన్నా.

అమ్మడు శుక్రవారం వెళ్ళి ఈ మధ్యాహ్నం వచ్చింది. భోజనానికి కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే బల్ల మీద తల వాల్చేసింది. ఇంటావిడ చేతిలోంచి ముద్ద తీసి, వేళ్ళు తడిగుడ్డతో తుడిచింది. ఇద్దరం పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం. కళ్ళు తెరవలేదు.

ఇంకా మేము తినడం పూర్తి కాలేదు, ఆసుపత్రి వ్యాను వాకిట్లో ఆగింది. డ్రైవరు లోపలికి వచ్చి, ఒక డాక్టరు రాలేదు, డాక్టరమ్మని వెంటనే తీసుకురమ్మన్నారు అన్నాడు. గదికి అడ్డంగా నిలబడ్డాను. నిద్రపోతోంది, లేపను అన్నాను. సూపరింటెండెంటు గారి ఆర్డరు మాస్టారూ, రాకపోతే అమ్మాయి మీద చర్య తీసుకుంటారు, అసలే విచారణ నడుస్తోంది కదా అన్నాడు. మంచి మనిషి. భయపెట్టడానికి అనలేదు, భయపడి అన్నాడు.

అప్పుడు వాడి మొహం సరిగా చూశాను. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. తలుపు చెక్కని పట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడుతుంటే మాట మధ్యలో రెప్పలు పడిపోతున్నాయి.

"నువ్వెప్పుడు పడుకున్నావు?"

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"తాళాలు ఇలా ఇవ్వు."

ఇవ్వనన్నాడు. ఉద్యోగం పోతుందన్నాడు. నేను చెయ్యి చాపే ఉంచాను. ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చి వాడి చేతిలో పెట్టి, ఇచ్చెయ్యి బాబూ, ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోరు అంది. ఇచ్చేశాడు.

వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి నేనే వ్యాను నడిపాను. సందు మలుపు తిరక్కముందే గురక. ఆసుపత్రి గేటు దగ్గర హారన్ కొట్టినా లేవలేదు. వ్యాను సూపరింటెండెంటు గది కిటికీ కింద, నీడలో ఆపి, అద్దాలు దించి, వాణ్ణి అలాగే వదిలి లోపలికి వెళ్ళాను. తాళాలు ఆయన బల్ల మీద పెట్టాను.

డాక్టరేదీ అన్నాడు. ఇంట్లో నిద్రపోతోందన్నాను. డ్రైవరేడీ అన్నాడు. మీ కిటికీ కింద నిద్రపోతున్నాడు, లేవకుండా మెల్లిగా మాట్లాడండి అన్నాను. ఎవరి అనుమతితో మా వ్యాను నడిపావు, దీనికి బాధ్యులెవరు అని అరిచాడు. మర్యాద అంతా ఒక్కసారిగా పోయింది.

ఆ ప్రశ్న కోసం నేను ఏప్రిల్ నుంచి తిరుగుతున్నాను. ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడు.

"నేను" అన్నాను. "రాసుకోండి. నా పేరు, ఇంటి నంబరు, స్కూలు పేరు, అన్నీ చెప్తాను. ఆ గదిలో పెట్టెలు పేర్చినవాళ్ళ పేరు కూడా కింద రాయండి."

ఆయన కలం తీశాడు, రాయలేదు. లోపల రోగులున్నారు, వాళ్ళ సంగతేమిటి అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. మీరూ డాక్టరే కదా అన్నాను. ఆయన నన్నూ, గోడ మీద గడియారాన్నీ, తన కోటునీ మార్చి మార్చి చూశాడు. కోటు తీసుకుని వార్డు వైపు వెళ్ళాడు.

రేపు నా మీద కేసు పెట్టొచ్చు. అమ్మడి మీదా ఏదో ఒకటి రాయొచ్చు. అది లేచాక ఇదంతా చెప్పాలి. నా కోసం ఎందుకు చేశావని అరుస్తుంది. అరవనీ, పడతాను.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. గుమ్మం దగ్గర ఇంటావిడ వేలు పెదాల మీద పెట్టి సైగ చేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాను.